మూలమట్టం పెట్టి చూసిన సాయిబు గారు

భవానీపురంలో ఏ ఇంటికి నీళ్ల పైపు ఎక్కడ దగ్గరో కంప్యూటరు చేత కనిపెట్టించిన మొనగాణ్ణి నేనేనని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. అందులో సగం అబద్ధం.

మా ఆఫీసులో నక్షాలు గీసే సాయిబు గారు ఏ కాగితమిచ్చినా మూలమట్టం ఆనించి గానీ నమ్మేవారు కాదు. ఓ ముసలావిడ ఇల్లు పైపుకి దూరమని నా జాబితాలో తేలితే, ఆవిడ కుళాయి అర్జీ పక్కన పెట్టేశాం. ఆయన నక్షా మీద మూలమట్టం జరిపి నవ్వారు.

"ఆవిడ గుమ్మం ముందే పైపు పోతోందండీ! మీ కంప్యూటరు పైపు మలుపుల దాకానే కొలుస్తోంది. మధ్యలో ఉన్నది పైపు కాదాండీ?"

నిజమే. డేటాబేసులో నేను రాసిన క్వెరీ, అంటే కంప్యూటరుని నేనడిగిన ప్రశ్న, పైపు గీతకున్న మలుపుల్నే చూసింది. దిద్దాను. తప్పు నేనే పట్టానని సాయిబు గారి ఎదుటే ఆఫీసరుకు చెప్పాను. బయటికొచ్చాక సాయిబు గారు ఒక్కటే అడిగారు.

"అది సరేనండీ, ఆవిడ అర్జీ మళ్లీ తీసి పైకి పంపారా?"

పంపలేదు. పరుగెత్తాను.