పధ్నాలుగు ఫైళ్లలో ఒకే ఫోన్ నంబరు

కోనసీమ జిల్లా ఏర్పడిన మరుసటి సంవత్సరం, ప్రభుత్వాసుపత్రిలో సర్జన్‌గా ఉన్న నన్ను డిప్యుటేషన్ మీద అమలాపురంలో పేదల ఆరోగ్య బీమా విభాగానికి విజిలెన్స్ అధికారిగా వేశారు. తెల్లకార్డు కుటుంబానికి ప్రైవేటు ఆసుపత్రి ఉచితంగా ఆపరేషన్ చెయ్యాలంటే ముందస్తు అనుమతి కావాలి. అనుమానం ఉన్న ఫైలును ఆపే అధికారం నాది. విచారించి వదలవలసిందీ నేనే.

ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చుని రోగుల కాగితాలు చూసే కాంట్రాక్టు ఉద్యోగిని ఆరోగ్యమిత్ర అంటారు. ఒక ఆసుపత్రిలో ఆ పని సత్యవతిది. బండారులంక నేతవారి అమ్మాయి, హోదాలో నాకు నాలుగు మెట్లు కింద. నేను తనిఖీకి వెళితే రోగులు తల తిప్పి చూసేవారు కాదు. ఆమె వస్తే మంచాల మీద లేచి కూర్చునేవారు. ఒకావిడ అంతర్వేది నుంచి బస్సెక్కి ఆమె కోసం చీరమేను చేపపిల్లలు తెచ్చింది. ముప్పై ఏళ్లు కడుపులు కోసి కుట్టిన నాకు ఎవరూ చేప తోక కూడా తేలేదు. కుళ్లుకున్నాను. దానికి అంతకంటే మర్యాదైన మాట నాకు తెలియదు.

ఒకరోజు కంప్యూటర్లో పధ్నాలుగు ఫైళ్లలో రోగి ఫోన్ నంబరు ఒకటే కనిపించింది. అది సత్యవతిది. డిశ్చార్జి అయ్యాక, ఆసుపత్రి వాళ్లు డబ్బేమైనా అడిగారా అని మేం ఫోన్ చేసి వాకబు చేసేది ఫైల్లో ఉన్న రోగి నంబరుకే. అందుకని అక్కడ రోగికి బదులు వేరొకరి నంబరు కనిపిస్తే మోసం ఉందని అనుమానించాలి. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. వాటిలో పదమూడు పాతవి. ఒక్కటే అనుమతి కోసం ఎదురుచూస్తోంది. ఓడలరేవు నూకరత్నం, గుండె కవాటం ఆపరేషన్. ఆపేశాను. ముందు సత్యవతిని పిలిచి అడగాలి. అడగలేదు, సరైన జవాబు చెప్పేస్తుందేమోనని.

ఆసుపత్రి నూకరత్నాన్ని ఇంటికి పంపేసింది. నాలుగో రోజు విచారణకు ఓడలరేవు వెళ్లాను. ఆమె పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. పడవ మీద పనిచేసే భర్తని నంబరు సంగతి అడిగాను.

"సముద్రంలోకెళ్తే నా ఫోను పలకదండి. దీనికి ఫోను లేదండి. కబురందుద్దని సత్యవతిగారి నంబరు మేమే రాయించేమండి. ఆవిడ వద్దన్నారండి, మేమే వినలేదు. మా పేటలో అందరూ అంతేనండి" అన్నాడు. కుర్చీ తుడిచి వేసి, "తమరు సత్యవతిగారి దగ్గర పనిచేస్తారాండి? ఆవిడే పంపేరా?" అని అడిగాడు.

"ఆయ్" అన్నాను.

జీపులో కూర్చునే ఫైలు వదిలాను. ఆపరేషన్ అయింది, ఆమె బతికింది. రిపోర్టులో 'వివరణ సంతృప్తికరం' అని, ఆలస్యానికి కారణం అన్న గడిలో 'సాంకేతికం' అని రాశాను. నన్ను ఎవరూ సంజాయిషీ అడగలేదు.

అనుమానించడం మా ఉద్యోగం. ఆ అనుమానం ఫైల్లోంచి పుట్టిందా, అధికారి కడుపులోంచి పుట్టిందా అని చూడటానికి మా మీద వేరే విజిలెన్స్ లేదు. సంతకానికి ముందు ఆ తనిఖీ ఎవరికి వారే చేసుకోవాలి. నేను నాలుగు రోజులు చేసుకోలేదు. ఆ నాలుగు రాత్రులూ నూకరత్నం కూర్చునే నిద్రపోయింది.