పిస్తోలు మీద పంగనామం

2005 జులై మొదటి శుక్రవారం, పొద్దున పదీ పావుకు, నా ఉద్యోగాన్నీ, ఆ ఉద్యోగం ఇప్పించిన మనిషి పరువునూ నేను ఒకే మాటతో బుగ్గిపాలు చేయబోయాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పుడు బహ్రెయిన్‌లో, సీఫ్ దగ్గర ఒక విల్లాలో పనిచేసేవాణ్ణి. వీసా ఇచ్చిన కఫీల్ బూ యూసుఫ్‌కు పాతకాలం సైన్యాల పిస్తోళ్లు సేకరించే పిచ్చి. బొంబాయిలో చాన్నాళ్లు వ్యాపారం చేసినవాడు కాబట్టి మాతో హిందీలోనే మాట్లాడేవాడు. నా హిందీ ఎంతటిదో మీకే తెలుస్తుంది. చదువంటారా, నలభై ఎనిమిదేళ్లొచ్చినా వేలిముద్రే.

ఆ రోజు కరీం భాయ్ ఒక పిస్తోలు తెచ్చాడు. పెషావర్ మనిషి, పాతసామాన్ల వ్యాపారి, నన్ను ఆ ఇంట్లో పెట్టించింది ఆయనే. రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు నేవీ పిస్తోలట. కఫీల్ భూతద్దం పెట్టి చూస్తున్నాడు. నేను చాయ్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. చూద్దును కదా, ఆయన బొటనవేలి పక్కన చెక్క మీద మూడు గీతలు, కింద కలిసి ఉన్నాయి. అచ్చం పంగనామం.

కరీం భాయ్ మా కఫీల్‌కు నామం పెట్టాడు, పెట్టినట్టు గుర్తు కూడా వేశాడు. ఉప్పు తిన్న ఇల్లు, ఊరుకుంటానా?

"సాబ్, ఇస్నే నామ్ డాల్ దియా" అన్నాను.

నామం పెట్టాడని చెప్పబోయాను గానీ, హిందీలో నామ్ అంటే పేరు. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

"పేరా? ఎవరిది?" అన్నాడు కఫీల్.

"ఆప్ కా హీ, సాబ్." మీకే అనబోయి మీదే అన్నాను.

కఫీల్ ముఖం మాడిన రొట్టెలా అయింది. ఎక్కడుందో చూడను కూడా చూడకుండా పిస్తోలు కింద పెట్టేశాడు. "కరీం, దీని మీద నా పేరు చెక్కించావా? కొత్తగా ఒక్క అక్షరం గీకినా పాతదాని విలువ పోతుందని తెలియదా?"

"వల్లా, దేవుడి తోడు, సూది కూడా తగలనివ్వలేదు."

"నా మనిషి అబద్ధం చెబుతాడా? వాణ్ణి ఈ ఇంట్లో పనికి పెట్టించింది నువ్వే కదా."

"అందుకే భయంగా ఉంది. నేను తెచ్చినవాణ్ణి నేనే అబద్ధాలకోరని ఎలా అనను?" అన్నాడు కరీం భాయ్.

"ఖలాస్. తీసుకుపో. మళ్లీ ఈ గడప తొక్కకు."

కరీం భాయ్ పిస్తోలును గుడ్డలో చుడుతున్నాడు. నేనేమో నూనెలో పూరీలా పొంగిపోతున్నాను. గుమ్మంలో నిలబడ్డ డ్రైవర్ గంగన్న, మా జగిత్యాల దిక్కువాడే, నన్ను గిల్లాడు.

"రాజన్నా, నీకు సదువు రాదు గదా, పేరెట్ల సదివినవ్?"

"పేరేందిరా, నామం. తిరునామం. మన కఫీల్‌ను ముంచుతుండు."

"నీ నోట్ల మన్నువడ. నామ్ అంటే పేరనుకున్నడు ఆయన. పెద్దమనిషి బతుకు తీస్తున్నవ్." అని, గంగన్నే కఫీల్‌కు అసలు సంగతి మంచి హిందీలో విప్పి చెప్పాడు.

కఫీల్ ఆ గుడ్డ విప్పించాడు. పిస్తోలు నా చేతికిచ్చి "తిప్పి చూడు" అన్నాడు. తిప్పాను. నామం బాణమైంది. ఇంగ్లీషు సర్కారు సొత్తు గుర్తట అది. ఇందాక ఆయన వేలి కింద దాగింది మరో బాణం, మొదటిదానికి ముక్కూ ముక్కూ ఆనించి ఉంది. ఇప్పుడు అది నామమైంది. ఎటు తిప్పినా నాకు నామమే.

"రెండు బాణాలు ఎదురెదురుగా ఉంటే, సర్కారే దీన్ని అమ్మేసిందని అర్థం. దొంగసొత్తు కాదని సాక్ష్యం. నువ్వు ఆ సాక్ష్యం చూపించే కరీంను దొంగన్నావు" అన్నాడు కఫీల్.

ముందు నవ్వింది కరీం భాయే. "నన్ను చాలామంది దొంగన్నారు. దేవుడి గుర్తు చూపించి అన్నవాడివి నువ్వొక్కడివే."

కఫీల్ పిస్తోలు కొన్నాడు, నన్ను ఇంటికి పంపలేదు. పైగా శుక్రవారాలు పక్కన కూర్చోబెట్టి, పిస్తోలు మీద కిరీటం కింద ఉన్న జీ, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు పలికించాడు. అఆలు తర్వాత గంగన్న దిద్దించాడు. నాకు అక్షరాభ్యాసం పలక మీద కాదు, తుపాకీ మీద.

కాబట్టి సర్వజనుల సాక్షిగా ఒట్టు: ఇకమీదట ఎక్కడ నామం కనిపించినా, అవతలి వైపు నుంచి కూడా చూసేదాకా నోరు తెరవను. తెరిచినా హిందీలో తెరవను.

ఆ రోజు ఆ గదిలో తప్పు చేసింది నేను, రాజన్నను. నవ్వి వదిలేసి నన్ను మనిషిని చేసింది కఫీల్ బూ యూసుఫ్, కరీం భాయ్, డ్రైవర్ గంగన్న.