గోల్ఫ్ కట్టెలు పట్టుకొని పెర్కిట్‌కు

మా అమ్మాయి శ్రావణి కుడి మణికట్టు పట్టుకొని, "అమ్మా, వచ్చే ఆదివారం ఒక్కసారి ఆడి ఇగ బంద్ జేస్త" అన్న రోజునే ఈ ప్రయాణం ఖాయమైంది. మా ఆయన సికింద్రాబాద్ దగ్గర ఒక గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ల సంచులు మోసే పని చేస్తారు. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకు సోమవారం పొద్దున కాసేపు ఆడుకునే వీలుంది. శ్రావణి అలా చూసి చూసి నేర్చుకుంది. మొన్నటి దసరా దాకా మైదానం వాళ్ల కట్టెలతోనే ఆడేది. దసరాకు ఒక పెద్దాయన తన పాత కట్టెలన్నీ దానికి ఇచ్చేశారు. అప్పటి నుంచి మంచి కట్టెలు వచ్చాయన్న సంతోషమే గాని ఆట మాత్రం రోజురోజుకూ పాడైంది. బంతి లేవదు, కుడివైపుకు జారిపోతుంది. ఇంకా గట్టిగా కొట్టబోతే చేయి నొప్పి. దవాఖానలో ఫోటో తీసి ఎముక బాగానే ఉందన్నారు, కొన్నాళ్లు ఆడవద్దన్నారు. కానీ ఆ ఆదివారమే మైదానం వాళ్లు పిల్లలను శిక్షణకు ఎంచుకునే రోజు. చేయే చెడిపోయిందేమోనని నేను దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా దాన్ని బాగుచేయమని అడిగేదాన్ని.

ఆ సమయంలో నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్ నుంచి గంగామణి వదిన ఫోన్ చేసింది. ఆమె భర్త భూమన్న నాకు వరసకు అన్న. చాలా ఏళ్లు దుబాయిలో ఒక గోల్ఫ్ క్లబ్బులో కట్టెలు బాగుచేసే గదిలో పనిచేసి వచ్చాడు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో అదే పని చేస్తున్నాడు. హైదరాబాద్ నుంచి కూడా కొందరు వెతుక్కుంటూ వస్తారట. నా మాట వినగానే ఫోన్ ఆయన తీసుకున్నాడు. "చెల్లె, బిడ్డ చెయ్యి సంగతి తర్వాత చూద్దాం. ముందుగాల కట్టెలు పట్టుకొని రాండ్రి" అన్నాడు.

మేం పొద్దున ఆరు దాటాక జూబ్లీ బస్టాండులో నిర్మల్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి మా ఇద్దరికీ చార్జీ లేదు. ఆ పొడుగాటి సంచి మాత్రం సీట్ల మధ్య పట్టక నడిచే దారికి అడ్డం వచ్చింది. కండక్టర్ ఆగి చూశాడు.

"ఏందమ్మా గది, తుపాకులా?"

"గోల్ఫ్ కట్టెలు తమ్మీ. పెర్కిట్ పోతున్నం."

"పెర్కిట్ల గోల్ఫ్ ఏడుందమ్మా? పసుపు చేన్ల ఆడ్తరా ఏంది?" అని నవ్వి, తనే సంచిని డ్రైవర్ వెనక నిలబెట్టి తాడుతో కట్టాడు. ఆయన నవ్వుతూ అన్న ఆ మాట కొంతసేపటికే నిజమైంది. కామారెడ్డిలో బస్సు ఆగినప్పుడు చాయ్ తాగాం. శ్రావణి ఏమీ తినలేదు, కిటికీకి తల ఆనించి మణికట్టు నిమురుకుంటూ కూర్చుంది. పదకొండు కాకముందే పెర్కిట్ దగ్గర దిగాం. అక్కడి నుంచి భూమన్న అన్న ఇంటికి ఆటోలో మనిషికి ఇరవై తీసుకున్నారు. దారి పొడుగునా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, ఆటో పక్కకు తప్పుకుంటూ పోవాల్సి వచ్చింది.

భూమన్న అన్న నీళ్లు ఇచ్చి, కబుర్లు ఏమీ పెట్టుకోకుండా ఇంటి వెనక చేనుకు తీసుకుపోయాడు. పసుపు తవ్వేశాక ఖాళీగా ఉన్న చేను అది. అవతలి గట్టు దగ్గర బోరు మోటరు గది ఉంది. "బిడ్డా, నీ ఏడో నంబర్ కట్టె తియ్యి. బాల్ గా మోటర్ అర్ర దాటాలె" అన్నాడు. శ్రావణి కొట్టింది. బంతి నేల మీదుగా పోయి కుడివైపున పక్కవాళ్ల మక్కచేనులో పడింది. రెండోది, మూడోది కూడా అక్కడికే.

"గా చేను మల్లవ్వది. గవి దొరికితే కోడిగుడ్లనుకొని కూర వండుకుంటది" అంది గంగామణి వదిన. శ్రావణి నవ్వలేదు. మణికట్టు పట్టుకొని నిలబడింది.

అన్న ఆ కట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఇందులో పొడుగాటి కడ్డీని షాఫ్ట్ అంటారు, దానికి పైన చేత్తో పట్టుకునే రబ్బరు, కింద బంతిని కొట్టే ఇనుప తల ఉంటాయి. ఉక్కు షాఫ్ట్ పైనుంచి కిందికి మెట్లుమెట్లుగా సన్నబడుతూ పోతుంది. అన్న చివరి మెట్టు మీద వేలు పెట్టి, తల దాకా కొలిచి, నా వైపు తిరిగాడు.

"చెల్లె, దీన్ని ఎవ్వరు కోసిన్రు?"

"మీ బావనే. బిడ్డకు పొడుగైతున్నయని పొట్టిగ జేసిండు."

"ఇనుము దిక్కు కోసిండు గదా?"

"అవునన్నా. పైన రబ్బరు కరాబ్ కావద్దని తల ఊడదీసి, కింద కోసి, ఆకురాయితో అరగదీసి మల్ల అతికిచ్చిండు."

భూమన్న అన్న చేను గట్టు మీద కూర్చుండిపోయి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "మోర్తాడోని చెయ్యి యాడికి పోతది! పార కట్టె కోసినట్టు కోసిండు!" అన్నాడు. మా ఆయన పుట్టింది మోర్తాడ్‌లో. అక్కడ పార కట్టె పొడుగైతే ఎప్పుడూ ఇనుము వైపే కోస్తారు. చేతి వైపు ఏళ్ల తరబడి పట్టి నున్నగా అయి ఉంటుంది, దాన్ని ఎవరూ కోయరు. "నేను గూడ దుబాయిల మొదట్ల గిట్లనే కోసిన. మేనేజర్ అరబ్బీల ఏమన్నడో ఇప్పటిదాంక నాకు ఎవ్వరు జెప్పలే" అన్నాడు. అప్పటికి శ్రావణికి కూడా నవ్వు వచ్చింది.

తర్వాత లోపలికి తీసుకుపోయి మాకు అర్థమయ్యేలా చూపించాడు. మా కట్టెను పిడి దగ్గర బల్లకున్న ఇనుప పట్టులో (వైస్) బిగించి, తలను వేలితో లాగి వదిలాడు. అది టకటకా వణికి ఆగిపోయింది. పక్కన తన దగ్గరున్న, ఉక్కు కన్నా తేలికైన గ్రాఫైట్ షాఫ్ట్ వేసిన కట్టె బిగించి వదిలితే అది నెమ్మదిగా చాలాసేపు ఊగింది. "కొన కాడనే షాఫ్ట్ మస్తుగ వంగుతది. గదే కోసేస్తే ఇగ మిగిలింది రోకలి. అసలే మొగోళ్లకు జేసిన బరువైన ఉక్కు. బిడ్డ ఊపుకు గది వంగదు. బాల్ లేవదు, కుడి దిక్కు పోతది. దెబ్బ మొత్తం మణికట్టుకు తల్గుతది" అన్నాడు. పొట్టిగా చేయాలంటే పిడి వైపు కోసి కొత్త రబ్బరు వేయాలని, అలా కోసినా తల బరువు తేలికైనట్టు అనిపిస్తుంది కాబట్టి అదీ సరిచూడాలని చెప్పాడు.

ఆ తర్వాత మమ్మల్ని మళ్లీ చేనుకు తీసుకుపోయి మూడు కట్టెలు తెచ్చాడు. షాఫ్ట్ మీది అక్షరాలు కనబడకుండా మూడింటికీ టేపు చుట్టి ఉంది. "పేరు జూసి మెచ్చుకోవద్దు, చెయ్యి ఏమంటదో చెప్పు" అన్నాడు. మొదటిది బంతిని బాగా పైకి లేపింది గాని ఎడమకు తిప్పింది. అంత మెత్తన కూడా పనికిరాదట. రెండోదానితో కొట్టిన బంతి తిన్నగా లేచి మోటరు గది మీదుగా పోయింది. శ్రావణి అది పడే దాకా చూసి, తన మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మామా, నొయ్యలే."

"ఇంకోటి కొట్టు."

మళ్లీ అదే దారి. "అమ్మా, నొయ్యలే!" అని అరిచింది. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. నెలల తరబడి గుండె మీద ఉన్న రాయి ఎవరో పక్కకు జరిపినట్టు అనిపించింది. గంగామణి వదిన నా భుజం పట్టుకొని, "లే వదినా, రొట్టెలు సల్లారుతున్నయ్" అంది. మక్క రొట్టె, పచ్చిపులుసు. ఆ రోజు శ్రావణి మూడు రొట్టెలు తింది.

ఏడు కట్టెలకు పాత గ్రాఫైట్ షాఫ్ట్‌లు, పిడులు, పని అన్నీ కలిపి ఆరు వేల దాకా అయింది. కొత్తవైతే చాలా ఎక్కువట. అన్న తలలు వేడిచేసి ఊడదీసి, ఈ షాఫ్ట్‌లు పిడి వైపు కోసి జిగురు పెడుతుండగా మా ఆయన ఫోన్ వచ్చింది. "బావా, గోల్ఫ్‌ల పార పని జేసినవ్, శాలువ కప్పాల్నా?" అన్నాడు అన్న. మా ఆయన "బిడ్డ చెయ్యి మంచిగున్నదా?" అని ఒక్కటే అడిగారు. "మంచిగున్నది" అనగానే ఫోన్ పెట్టేశారు. పది నిమిషాలకు మళ్లీ చేసి అదే అడిగారు.

జిగురు గట్టిపడే లోపు ఆటో మాట్లాడుకొని ఆర్మూర్ సిద్ధుల గుట్ట మీది గుడికి పోయి వచ్చాం. ఆ నల్లరాళ్ల మధ్య నిలబడి నేను కొత్తగా ఏమీ కోరలేదు. సాయంత్రం బస్సుకు కట్టెలతో తిరుగు ప్రయాణమయ్యాం.

జిగురు పూర్తిగా ఆరాలని మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగి, మైదానం వాళ్లను అడిగి శ్రావణి అక్కడ బుట్టెడు బంతులు కొట్టింది. చేయి నొప్పి లేదు. ఇది రాసేనాటికి ఆ ఆదివారం ఇంకా రాలేదు. ఎంపికవుతుందో లేదో దేవుడి ఇష్టం. గెలవాలని మొక్కే తల్లులను చాలామందిని చూశాను, నేనూ మొక్కాను. కానీ తనలో లేని లోపాన్ని తనదే అనుకొని ఒక పిల్ల ఆట వదిలేయబోయింది, అది తప్పింది. ఇవాళ పొద్దున శ్రావణి నన్ను లేపకుండానే తయారై వాళ్ల నాన్న వెంట పోయింది. నాకు అది చాలు.

మీరూ పోయేటట్టయితే ఒక్కటి మరవకండి: పిల్లలు ఆడేటప్పుడు వేసుకునే బూట్లు వెంట తీసుకుపోండి. మణికట్టు నుంచి నేల దాకా కొలిచే షాఫ్ట్ పొడవు లెక్క బూట్లతోనే చూస్తారు. మేం మరిచిపోయి, గంగామణి వదిన పొద్దున నడకకు వేసుకునే బూట్లలో గుడ్డలు కుక్కి కొలిపించుకున్నాం.