మా నాయన పేరుకు ఆధారం

మా నాయన ఆళ్లగడ్డలో రాతి శిల్పి. వెలుగోడు దిక్కు ఒక గుడి ముందర పెద్ద నంది ఉంది. ఆ దోవన బస్సులో పోయినప్పుడల్లా పక్క సీటాయనను తట్టి లేపి మరీ, "చూడప్పా, అది నా చేతి పని" అని చెప్తాడు. నాకు సిగ్గు, గర్వం రెండూ ఒకేసారి వస్తాయి.

ఒకనాడు ఫోన్లో ఆ గుడి గురించి చూస్తాంటే, ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో "ఈ నందిని తమిళనాడు శిల్పులు చెక్కారు" అని కనపడింది. దాన్ని నాయనకు చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. "నేను పోయినంక అందరూ అదే నమ్ముతారు గదమ్మీ" అన్నాడు.

వెంటనే ఆ మాట కొట్టేసి నాయన పేరు రాసినాను. తెల్లారేసరికి లేదు. మళ్లీ రాసినాను, మళ్లీ పాయె. మూడోసారి రాస్తే, తీసేస్తాండే ఆయన నాకు ఒక సందేశం పెట్టినాడు: "ఆధారం లేక తీసేశాను. తమిళనాడు అన్నదానికీ ఆధారం లేదు, అదీ తీసేశాను. నేను నంద్యాలలో లైబ్రేరియన్ని. వస్తే ఇద్దరం వెతుకుదాం."

వెతుకుదామంట! నేనూ అదే నంద్యాలలో ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రం బెల్లు కొట్టంగానే లైబ్రరీకి పోయి, పరీక్షలకు చదువుకుంటాండే పిల్లోళ్లందరూ తలెత్తి చూసేటట్లు ఆయన మీద నోరు పారేసుకున్నాను. ఆయన నెమ్మదిగా కుర్చీ జరిపి, టీ తెప్పించినాడు.

"మీ నాయనే చెక్కినాడని నేనూ నమ్ముతాండా మేడం. నేను నమ్మితే చాలదు. రేపు ఇంకొకరొచ్చి మా తాత చెక్కినాడంటే ఏమని ఆపేది? ఈ పిల్లోళ్లంతా ఫోన్లో చూసి నోట్సు రాసుకుంటాండారు. తప్పు రాసుకుంటే వీళ్లకే గదా నష్టం."

ఆ చెప్పిన తీరుకు నా కోపం సగం చల్లారింది. మిగిలిన సగం టీతో పాటు మింగేసినాను.

ఆ మీదట ప్రతి శనివారం మధ్యాహ్నం మాకదే పని. పాత పేపర్ల కట్టలు, ఉత్సవాల ప్రత్యేక సంచికలు, ఒకటే దుమ్ము, ఒకటే తుమ్ములు. రెండు వెబ్‌సైట్లలో నాయన పేరుందని నేను ఎగిరి గంతేస్తే, ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూపించినాడు. అక్షరం పొల్లుపోకుండా ఒకటే. "దీన్ని చూసి అది రాసినారు. దీనికి చెప్పిందెవరు? మీరు ముందు ఆ పేజీలో రాసినారే, ఆ ముక్కే!" నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

చివరికి ఆ గుడి కుంభాభిషేకం సంచిక దొరికింది. అందులో ఫోటో. నంది పక్కన మీసాల కుర్రోడుగా మా నాయన! ఆయన భుజం మీద చెయ్యేసి ఇంకొకాయన. కింద "శిల్పులు" అని రెండు పేర్లు. రెండో పేరు మా ఇంట్లో ఎప్పుడూ విన్లేదు.

"సార్, మా నాయన పేరొక్కటే రాద్దాం" అన్నాను.

"పుస్తకంలో రెండుండాయి గద మేడం."

సంచికను ఆయన ముందుకు జరిపినాను. రెండు పేర్లూ, సంచిక పేరూ, పేజీ నెంబరుతో సహా ఎక్కించినాడు. జిరాక్సు తీసుకోని, బెదురుతా బెదురుతా ఆళ్లగడ్డకు పోయినాను.

నాయన ఆ ఫోటోను చాలాసేపు చూసినాడు. "వీడిది పాణ్యం ఊరు. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చినాం. ఈ నంది అయినంక, ఎవరు గొప్ప అని కొట్లాడుకున్నాం. మళ్ల మాటల్లేవు. వాడు చనిపోయినాడని తెలిసి కూడా నేను చూసేకి పోలే." ఫోటో కింద పేర్ల మీద వేలు పెట్టి, "నా పేరెందుకు ముందుండాది? మా పనిలో విగ్రహానికి కండ్లు ఆఖరున చెక్కి తెరుస్తాం. ఆ పొద్దు నా చెయ్యి వణికింది. ఉలి వాడు తీసుకున్నాడు. నందికి కండ్లు తెరిచింది వాడు. సార్‌కు చెప్పు, వాని పేరు ముందు పెట్టమను" అన్నాడు.

సార్‌కు ఫోన్ చేసి నాయనకు ఇచ్చినాను. అవతల నుంచి సార్ అడిగింది ఒకటే: "దానికి ఆధారమేంది పెద్దాయనా?"

"నా మీద నేనే చెప్పుకుంటాంటే ఇంకా ఆధారం అడుగుతాడేందమ్మీ!" అని నాయన అరిచినాడు. ఆ అరుపుకు సార్ ఫోన్లోనే నవ్వినాడు.

కానీ ఆ శనివారం ఆయనే ఆళ్లగడ్డకు వచ్చినాడు. "మీరు చెప్పేది రికార్డు చేసి మా లైబ్రరీలో భద్రంగా పెడతా. ఎవరికి కావాలన్నా వినొచ్చు. పేజీలో కూడా, ఇది ఫలానా శిల్పి స్వయంగా చెప్పిన మాట అని రాయొచ్చు" అన్నాడు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకోని కూర్చున్నాడు. పక్కన రాళ్లు చెక్కే షెడ్డులో పనిచేసేవాళ్లను ఉలి ఆపమన్నాం.

తన పేరు చెప్పినాడు, ఊరు చెప్పినాడు, రాయి యాడ నుంచి తెచ్చిందీ చెప్పినాడు. చెయ్యి వణికిన సంగతి దాచలేదు. స్నేహితుని పేరు దగ్గరికొచ్చేసరికి కండువాతో మొగం తుడుచుకున్నాడు. ఆ పేరు చెప్పినాడు. మా నాయన నోట నేను దాన్ని వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

"వాని పేరు పడిందా సార్?" అన్నాడు నాయన.

"పడింది పెద్దాయనా."

"ఉండు, ఇంకోసారి చెప్తా."