శత్రువులు వదిలిన ఓడ

నా చిన్నప్పుడు మేమున్న ఇల్లు మాది కాదని నా గట్టి నమ్మకం. చికాగో దగ్గర నాన్న ఉద్యోగం. ఇప్పుడు నేనుంటున్న నేపర్‌విల్‌కి ఆ ఊరు అట్టే దూరం కాదు. బ్యాంకు ఎవరి దగ్గరో జప్తు చేసుకుని అమ్మకానికి పెట్టిన ఇల్లు చవగ్గా వస్తుంటే నాన్న కొన్నారు. ఆ పాత యజమాని వెళ్తూ వెళ్తూ కసికొద్దీ నేలకింది బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌ని సుత్తితో చితక్కొట్టి, కరెంటు తీగలు కోసేసి మరీ పోయాడు. నాన్న అన్నీ బాగు చేయించారు. కానీ బళ్ళో పిల్లలు ఊరుకుంటారా? వాడు ఇంకేదో కూడా దాచిపెట్టి వెళ్ళాడని, అది ఎప్పుడో పేలుతుందని చెప్పారు. ఇక ఆ బేస్‌మెంట్ పేరెత్తితే చాలు, నాకు పై ప్రాణాలు పైనే పోయేవి.

నాదే భయమనుకుంటే అమ్మ నాకంటే ఘనురాలు. వాషింగ్ మెషీన్ కిందే ఉందని బట్టలన్నీ బాత్‌టబ్‌లో ఉతికేది. ఫర్నేస్ టకటకా కొట్టుకున్నప్పుడల్లా చంటివాడైన మా తమ్ముణ్ణి ఎత్తుకుని ఆంజనేయస్వామిని తలుచుకునేది. మమ్మల్ని చూసి నాన్న నవ్వేవారు. ఆయనకేం, పొద్దున పోయి చీకటిపడ్డాక వచ్చేవారు.

పక్కింట్లో ఒక తెల్లాయన ఒంటరిగా ఉండేవారు, బాగా ముసలివారు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు గనక ఆయన్ని తాతయ్య అనమంది అమ్మ. అర్థం తెలిశాక ఆయన తెగ మురిసిపోయి, నోరు తిరిగినంత మేర తనను తాను ‘టాటయ్య’ అని చెప్పుకునేవారు.

ఒక శనివారం నాన్న స్క్రూడ్రైవర్ తెమ్మని నన్ను కిందికి పంపబోతే నేను పెరట్లోకి పారిపోయి ఏడ్చాను. తాతయ్య కంచె అవతలి నుంచి సంగతేమిటని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. తానూ ఒకప్పుడు అలాంటి దాంట్లోనే ఉన్నానని, అయితే అది ఇల్లు కాదు, ఓడ అని అన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట. యుద్ధం రాగానే ఒక పెద్ద జర్మన్ ప్రయాణికుల ఓడ, సముద్రంలోకి పోతే ఇంగ్లీషువాళ్ళు పట్టుకుంటారని, అమెరికా రేవులోనే ఏళ్ళ తరబడి నిలబడిపోయిందట. తర్వాత అమెరికా కూడా యుద్ధంలోకి దిగి ఆ ఓడను జప్తు చేసుకుంది. ఇలా అవుతుందని ఊహించిన జర్మన్ సిబ్బంది ముందే ఇంజన్లు పగలగొట్టి పెట్టారు. అమెరికావాళ్ళు నెలల తరబడి అతుకులు వేసి, ఓడ పేరు మార్చి, దొరలూ దొరసానులూ నాట్యమాడిన హాలు నిండా ఒకదాని మీద ఒకటిగా పడకలు బిగించి, సైనికుల్ని ఫ్రాన్సుకు పంపారు. తాతయ్య వాళ్ళలో ఒకరు. అప్పటికి మీసం కూడా సరిగా రాలేదట.

ఆయన పడక నీటిమట్టానికి కింద. పై అంతస్తుల కిటికీలకు నల్లరంగు పూశారు. రాత్రి అగ్గిపుల్ల గీస్తే జలాంతర్గామి కంటపడతారు. లైఫ్‌జాకెట్ కట్టుకునే నిద్రపోవాలి. అయినా బయటి శత్రువు కంటే ఆ ఓడే తమను ఎక్కువ భయపెట్టిందన్నారు. కుళాయిల మీదా తలుపుల మీదా ఇంకా జర్మన్ అక్షరాలే. నడిపినవాళ్ళే పగలగొట్టి పోయిన ఓడ, లోపల ఇంకెక్కడ ఏం పెట్టిపోయారో ఎవరికి తెలుసు? గోడలో చిన్న చప్పుడైనా అందరూ ఊపిరి బిగబట్టేవారట. నాకు ఒళ్ళు జలదరించింది. ఏడుస్తున్న పిల్లకి ఎవరైనా చెప్పే కథేనా ఇది?

అప్పుడు చెప్పారు అసలు సంగతి. ఓడ దెబ్బతిని దీపాలు ఆరిపోయినా దారి తెలియాలని వాళ్ళ సార్జెంట్ రోజూ పట్టపగలే వాళ్ళ కళ్ళకు గుడ్డ కట్టి, పడక దగ్గర నుంచి పై డెక్ దాకా గోడలు తడుముకుంటూ నడవమనేవాడట. ఆ సాయంత్రం నాన్న చూస్తుండగానే తాతయ్య నా కళ్ళకు తన రుమాలు కట్టి మా బేస్‌మెంట్ మెట్లు దింపారు. కుడిచేతికి చల్లటి పైపు తగిలిన చోట ఆగాలి. దాని కింది మెట్టు ఊగుతుంది, దాన్ని దాటెయ్యాలి. ఆ తర్వాత చాలా రోజులు బడి నుంచి రాగానే ఇదే పని. ప్రతిసారీ నా కాళ్ళు వణికేవి.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆకాశం పచ్చగా, జబ్బుచేసినట్టు అయిపోయింది. టోర్నడో సైరన్ మోగింది. అది మోగితే ఎవరైనా బేస్‌మెంట్‌లోకి దిగాల్సిందే. నాన్న ఆఫీసులో ఉన్నారు. కరెంటు పోయింది. గాలికి అద్దాలు అదురుతుంటే అమ్మ తమ్ముణ్ణి గుండెకు హత్తుకుని సోఫాలో బిగుసుకుపోయింది.

“నేనా గుంటలోకి రానే. పోతే అందరం ఇక్కడే పోదాం” అంది.

అమ్మ నోట ఆ మాట విన్నాక నాకు సైరన్ కంటే అమ్మంటేనే భయమేసింది. లాగాను. కదల్లేదు. చివరికి తమ్ముడు గుక్కపట్టి ఏడ్చేసరికి, నాకెక్కడిదో గొంతు వచ్చింది. “అమ్మా, కళ్ళు మూసుకుని నా భుజం పట్టుకో. నాకు దారి తెలుసు.”

ఏ దేవుడు లేపాడో గానీ లేచింది. బేస్‌మెంట్ తలుపు తీస్తే లోపల కాటుక చీకటి. గోడ తడుముతూ దిగుతున్నాను. అమ్మ గోళ్ళు నా భుజంలో దిగబడుతున్నాయి. పైపు తగిలింది. “అమ్మా, ఆగు. కింది మెట్టు ఊగుతుంది, దాటి కాలెయ్యి.” దాటింది. మేం నేల మీద కూలబడ్డాక పైన ఏదో పెళపెళా విరిగిన చప్పుడైంది.

గాలి తగ్గాక పైకి వెళ్ళి చూస్తే పెరట్లోని చెట్టు కిటికీ బద్దలుకొట్టుకుని వచ్చి సోఫా మీద పడి ఉంది.  అమ్మ తమ్ముణ్ణి నా చేతుల్లో పెట్టి, గోడకానుకుని ఏడ్చింది.

అందరికంటే ముందు తాతయ్యే పరుగెత్తుకొచ్చారు.  నాకు మాత్రం ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఇన్ని రోజులు నడిచాను కదా, మరి ఇవాళ కూడా నాకు చచ్చేంత భయం వేసిందేం అని నిలదీశాను.

“నాది మాత్రం పోయిందా?” అన్నారు. “ఫ్రాన్సు తీరం కనబడేదాకా ఒక్క రాత్రి కూడా వణక్కుండా పడుకోలేదు. భయం పోతుందని నీకు నేనెప్పుడు చెప్పానమ్మాయ్? దిగగలవని చెప్పాను.”

ఇప్పుడు నాది ఇంచుమించు ఆయన అప్పటి వయసు. పిరికిదాన్నని మా మనవరాలు ఆటపట్టిస్తుంది, నిజమే. కాన్పులకు వెళ్ళినా, హైవే మీద మొదటిసారి డ్రైవ్ చేసినా, మా ఆయన పోయిన రోజు ఆస్పత్రి నుంచి వచ్చి ఒక్కదాన్నే ఇంటి తాళం తీసినా, అన్నీ గడగడా వణుకుతూనే చేశాను. ఏ ఒక్కదానికీ భయం పోయేదాకా ఆగలేదు.