సైటు మీద పూలవాన

ఖతార్‌లోని మదీనత్ ఖలీఫాలో నేను హౌస్ డ్రైవర్‌ని. తీరిక వేళల్లో ఫోన్‌లో ఏఐతో వీడియోలు తీసే మహాదర్శకుణ్ణి కూడా. "బంగారు కాంతి, నెమ్మది నడక, వెనక రాజభవనం, చుట్టూ పూలు చల్లే అందగత్తెలు" అని ఒక స్టైల్ టెంప్లేట్ రాసి దాచుకున్నాను. ఎవరు ఏ వీడియో అడిగినా, వాళ్లు చెప్పిన రెండు ముక్కల కింద దాన్ని అతికించడమే నా కళారహస్యం.

ఒకరోజు కన్‌స్ట్రక్షన్ పని చేసే నిజామాబాద్ మల్లేశ్ వచ్చాడు. "అన్నా, ఎండల నా కష్టం ఇంటిదానికి చూపియ్యాలె. సైటుల ఫోన్ తియ్యనియ్యరు. నువ్వే ఒక వీడియో చెయ్యి" అన్నాడు. అతని ఫోటో పెట్టి, హెల్మెట్, చెమట, ఇటుకలు అని రాసి, అలవాటుగా టెంప్లేట్ అతికించి, వచ్చిన వీడియోను చూడకుండానే అతనిచ్చిన భార్య నంబరుకు పంపేశాను.

మర్నాడు మల్లేశ్ ముఖం ఎడారి మొత్తానికి సరిపడా ఎండిపోయి ఉంది. వీడియోలో అతను ఇటుకలు మోస్తుంటే వెయ్యిమంది అందగత్తెలు పూలు చల్లుతున్నారట. "దుబాయ్‌ల గిదా నీ డ్యూటీ?" అని అడిగి (వాళ్ల ఊరికి గల్ఫంతా దుబాయే), భార్య సుజాత మాట్లాడటం మానేసిందట.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. "చెల్లెమ్మా, తప్పు నాది. నా టెంప్లేట్ ఎవరికైనా ఇదే మర్యాద చేస్తుంది."

"అట్లయితే నేను బర్రెకు కుడితి తాపుతున్నట్టు చెయ్యి, చూస్త" అని ఫోటో పంపింది.

చేసి పంపాను. రాజభవనం ముందు సుజాత, బర్రె, ఇద్దరి మీదా అందగత్తెల పూలవాన. ఆమె చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. నా పక్కనున్న మల్లేశ్‌కు సైటులో పట్టనంత చెమట పట్టింది.

"అన్నా, ఈయన వీడియోల ఆడోళ్లను తీసెయ్" అంది చివరికి. "నాదాంట్ల ఉండనియ్."

అప్పటినుంచి పంపేముందు ప్రతి వీడియో చూస్తున్నాను. టెంప్లేట్ మాత్రం మార్చలేదు. సుజాత వీడియో చూశాక వాళ్ల ఊళ్లో ఇంకా పదకొండు బర్రెలు వరసలో ఉన్నాయి.