పదిహేడమ్మ తొందర మానుకున్న రోజు

నేను అద్దెకు దిగిన మేడగది కింద వాటాలో ఉండే ఆవిడను అందరూ పదిహేడమ్మ అంటారు. పందుల ఫారంలో ఉద్యోగం. మగపంది వీర్యాన్ని మైక్రోస్కోపు కింద చూసి, ద్రావణంతో పలచన చేసి, ట్యూబులకెత్తి, చల్లటి బీరువాలో పదిహేడు డిగ్రీల దగ్గర నిలవ ఉంచడం ఆవిడ పని. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఆవిడకు అన్నం సయించదు. పేరు అలా వచ్చిందే.

ఫ్రిజ్జులో పడేస్తే పోదా అని తెలిసీ తెలియక అడిగాను.

"చస్తాయండీ. ఆబోతుది గడ్డకట్టించినా తట్టుకుంటుంది. పందికి ఒళ్ళే మొరటు, ఇది మహా సుకుమారం," అంది.

నేను తిరిగిన ఊళ్ళలో అలాంటి మనుషులు చాలామందే తగిలారు. వాళ్ళ సంగతులెత్తితే ఈ కథ ముందుకు సాగదు.

నేను దిగేనాటికి ఆవిడకు గడ్డురోజులు. మూడో రోజుకే ట్యూబుల్లో కదలిక పడిపోతోంది. ఆడపందులు చూలు కట్టకుండా మూడు వారాలకల్లా మళ్ళీ ఎదకు వస్తున్నాయి. ఫారంలో పనికొచ్చే మగపంది ఒక్కటే, మిగతావి ఇంకా కుర్రవి. దాని ఠీవి చూసి అందరూ మామగారు అని పిలిచేవాళ్ళు. నింద దానిమీద పడింది.

"ముసలిదైపోయిందమ్మా. నెలాఖరుకి కోతకు పంపేద్దాం," అన్నారు ఫారంలో పశువుల డాక్టరుగారు.

పదిహేడమ్మ ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"మా నాన్న జ్వరంతో పడుకున్నప్పుడు కూడా ఇంత బెంగపడలేదు నువ్వు," అన్నాడు భర్త.

"మీ నాన్నని కోతకు పంపుతామని ఎవరూ అన్లేదుగా," అంది ఆవిడ.

రెండ్రోజుల తర్వాత ట్యూబులు నింపడం పూర్తయిందో లేదో, మామగారు దొడ్లోకి వెళ్ళనని నడవలో అడ్డంగా పడుకుంది. దాన్ని మేపే పనివాడు, ఫారంలో అందరికీ బాబాయి, కేక వేశాడు. "అమ్మాయ్, నీ మాటైతే వింటుంది, ఓసారి రా." వెలుతురు తగలకుండా పదిహేడమ్మ ట్యూబుల మీద తన స్వెట్టరు కప్పి పరిగెత్తింది. బతిమాలి, తోసి, లోపలికి పంపి వచ్చేసరికి గంటన్నర దాటింది. ట్యూబులు ఇంకా బల్లమీదే ఉన్నాయి. నింపిన ఐదు నిమిషాల్లో బీరువాలో పెట్టేస్తానని గొప్పగా చెప్పుకునే మనిషి. సిగ్గుపడుతూ వాటికి ఎర్రదారం కట్టి, ఇవెలాగూ పోయినట్టే అనుకుంటూ బీరువాలో ఒక మూల పెట్టింది.

నాలుగో రోజు పారబోసే ముందు ఒక చుక్క తీసి, వెచ్చచేసిన గాజుపలక మీద వేసి చూసింది. కదిపిన చీమలపుట్టలా ఉంది.

నేను ఒకప్పుడు పనిచేసిన ఓడలో ముసలి వంటవాడు, వేడి గాజుగిన్నెను ఎవరైనా చన్నీళ్ళలో ముంచబోతే చెయ్యి పట్టుకునేవాడు. ఇక్కడ పగిలేది కంటికి కనపడదు, అదే తేడా. పాత బీరువా ముసలిది, మెల్లగా చల్లబరిచేది. రెండు నెలల క్రితం వచ్చిన కొత్తది ఈదురుగాలిలా కొడుతుంది. వెచ్చటి ట్యూబుల్ని అందులోకి తోస్తున్న చెయ్యి పదిహేడమ్మదే. బల్లమీద మెల్లగా చల్లారాయి కాబట్టే ఎర్రదారం ట్యూబులు బతికాయి.

మర్నాడు డాక్టరుగారి గదికి వెళ్ళింది. "తప్పు మామగారిది కాదు సార్. నాది."

"ఏం తప్పు?"

"తొందర."

ఆయన నవ్వలేదు. ఒకే పూట తీసిన వీర్యాన్ని రెండు భాగాలు చేయించారు. సగం నేరుగా బీరువాలోకి, సగం స్వెట్టరు కింద గంటన్నర ఆగి. నాలుగో రోజు ఆయనే కళ్ళద్దాలు తీసి మైక్రోస్కోపులో చూశారు. నేరుగా పెట్టినవాటిలో నూటికి ముప్పై కదులుతున్నాయి. ఆగి పెట్టినవాటిలో డెబ్బై ఎనిమిది. కోత మాట వాయిదా వేసి, ఆగిన ట్యూబుల్ని పన్నెండు ఆడపందులకు వాడారు. మూడు వారాల తర్వాత ఒక్కటే ఎదకు వచ్చింది.

ఎక్కడా నెల నిలవని నేను, అవి ఈనేదాకా నాలుగు నెలలు ఆ మేడమీదే ఉన్నాను. పదకొండు ఈతల్లో నూట ఇరవై ఆరు పిల్లలు. బాబాయి మామగారి ముందుకెళ్ళి, "తమరి సంతానానికి నేను నీళ్ళు మొయ్యలేను బాబూ," అని దండం పెట్టాడు.

బయల్దేరేముందు ఫారానికి వెళ్ళాను. పదిహేడమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. ట్యూబుల మీద స్వెట్టరు. డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

"పెట్టేద్దామా?"

"ఇంకో పది నిమిషాలు సార్. అలా కూర్చోండి."

ఆయన కూర్చున్నారు.